ఓటేయకపోవడం వేరు.. ఓటే లేకపోవడం వేరు! ఉరవకొండ ఏం చెబుతోంది?

2024లో బ్రిటన్ పోలింగ్ 60 శాతం దగ్గరే ఆగింది. అదే ఏడాది హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటేయలేదు. ఏపీలో మాత్రం 81 శాతం దాటింది. అంటే ఇక్కడంతా బాగున్నట్టేనా? ఒక చిక్కుంది. పోలింగ్ శాతం లెక్కేసేది జాబితాలో ఉన్నవాళ్లతోనే. పేరు పోయినవాళ్లు ఆ లెక్కలోకే రారు.

అనంతపురం జిల్లా ఉరవకొండనే చూడండి. 2014లో వైసీపీ, 2019లో టీడీపీ.. రెండుసార్లూ మెజార్టీ రెండు వేల పైచిలుకే. అలాంటి చోట వేల ఓట్లు తీసేశారని ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. నిబంధనలు పాటించకుండా పేర్లు తొలగించారంటూ 2023లో అధికారులపై సస్పెన్షన్ వేటు పడింది.

కరవుతో బెంగళూరుకు వలసపోయిన ఇంటికి తాళం ఉంటే, నోటీసు ఎవరు అందుకుంటారు? ఛార్జీలు పెట్టుకుని పోలింగ్ రోజు వచ్చాక గానీ పేరు లేదని తెలీదు. అప్పుడు చేసేదేమీ ఉండదు.

అందుకే ఎన్నికలు లేనప్పుడే చెక్ చేసుకోండి. హెల్ప్‌లైన్ నంబర్ 1950. పేరు లేకపోతే ఫారం-6 పెట్టండి.