రాత్రి ఎనిమిదింటికి సైకిలు దారి

బెంగళూరులో సైకిలు మీద ఆఫీసుకు వెళ్లడం గురించి ఎవరు మాట్లాడినా పొద్దుటి ప్రయాణం గురించే మాట్లాడతారు. అసలు పరీక్ష సాయంత్రం మొదలవుతుంది. ఈ ఊళ్లో సూర్యుడు నవంబరులో ఆరుకు పది నిమిషాల ముందు, జులైలో ఏడుకు పది నిమిషాల ముందు అస్తమిస్తాడు. ఏడు దాటాక పని ముగించుకుని బయటపడేవాళ్లు ఏడాది పొడుగునా చీకట్లోనే ఇల్లు చేరాలి. కాబట్టి ఇక్కడ సైకిలు దారి అంటే సగం రాత్రి దారే. ఆ తిరుగు ప్రయాణంలో గొప్ప ఆనందం ఉంది. దాన్ని కొందరు సాహసికుల సరదాగా వదిలేయకూడదు, ఊరు తన జనానికి సమకూర్చాల్సిన సౌకర్యంగా చూడాలి.

ఆ ఆనందం ఊహించుకున్నది కాదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి పొద్దుగూకగానే గాలి చల్లబడుతుంది. పొద్దున చెమటకు జంకేవాళ్లు కూడా రాత్రి హాయిగా తొక్కగలరు. రింగ్ రోడ్డు వదిలి లోపలి వీధిలోకి మళ్లితే, ఆకాశమల్లెలు విచ్చుకునే రోజుల్లో వాటి పరిమళం ముఖాన తగులుతుంది. కారు అద్దాలు ఎత్తుకుని కూర్చున్నవాళ్లకు అది అందదు. హ్యాండిల్ మీది దీపం కిందుగా, ఏటవాలుగా పడటంతో రోడ్డు మీది చిన్న గుంత కూడా అంచున నీడ కట్టి ముందే కనిపిస్తుంది. చూపంతా ఆ వెలుగు మీదే ఉంటే ఆఫీసు చికాకులు వెంట రావు. పైగా టైము మన చేతిలో ఉంటుంది. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల్లో బెంగళూరు వాహనం 10 కిలోమీటర్లు దాటడానికి సగటున 34 నిమిషాలకు పైగా పట్టింది. అంటే గంటకు పద్దెనిమిది కిలోమీటర్ల లోపే. మామూలుగా తొక్కే మనిషి దీనికి కాస్త అటూ ఇటూగా వెళ్తాడు. రద్దీ వేళ కారు ఇంకా వెనకబడుతుంది, సైకిలు మాత్రం ఇవాళ ఎంతసేపట్లో చేర్చిందో రేపూ అంతసేపట్లోనే చేరుస్తుంది.

ప్రమాదం ఉంది కాబట్టే ఆ థ్రిల్ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. చల్లగాలి, వేగం, మన కాళ్లతో మనం ఇల్లు చేరుతున్నామన్న తృప్తి, ఇవి ఆనందాన్నిస్తాయి. రాంగ్ సైడులో హై బీమ్ వేసుకుని వచ్చే బైకు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్, చెట్టు కొమ్మల చాటున పడిన వీధి దీపం భయాన్నే ఇస్తాయి. ఈ రెంటినీ ముడిపెడితే, సరదా కావాలంటే ప్రాణం పణంగా పెట్టాల్సిందేనని సైకిలిస్టు మీదికి నెట్టేసి బాధ్యులు తప్పుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అయినా అక్కడ పిల్లలూ పెద్దలూ సైకిళ్ల మీదే ఇళ్లకు వెళ్తారు. అక్కడ దారులు వేరుగా ఉన్నాయి, దీపం లేని సైకిలుకు జరిమానా ఉంది. మన ఊళ్లలోనూ ఒకప్పుడు డైనమో లైటు లేకుండా రాత్రి తొక్కితే పోలీసులు ఆపేవారు.

ఇదంతా ఐటీ ఉద్యోగుల ముచ్చట అనేది మరో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాత్రి బెంగళూరులో సైకిలు మీద ఇల్లు చేరేవాళ్లలో సెక్యూరిటీ గార్డులు, హోటల్ వంటవాళ్లు, అనంతపురం, కర్నూలు పల్లెల నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్లు ఉన్నారు. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగు పట్టీ, దుమ్ము పట్టిన ఎర్ర అద్దం ముక్క, వాళ్ల సైకిలుకున్న రక్షణ చాలాసార్లు అంతే. కొత్త సైకిళ్ల రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది, పాత సైకిళ్లకు దానితో ఒరిగేది లేదు. ఎరుపు బ్లింకర్ ఖరీదు పెద్దదేం కాదు. కంపెనీలు, కాంట్రాక్టర్లు తమ దగ్గర పనిచేసేవాళ్లకు ఇవ్వగలిగిందే. చల్లగాలి అందరికీ ఒకటే, వెలుతురు మాత్రం కొనుక్కోగలిగినవాళ్లకే దక్కుతోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

లేన్లు వేస్తే ఎవరు వాడారని అడిగేవాళ్లకు జయనగర్‌ను చూపిస్తాను. అక్కడి సైకిలు దారులు పార్కింగుకు పోయాయి. 2020లో సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద 17 కిలోమీటర్ల లేన్ తలపెట్టారు. అందులోకీ బైకులు దూరాయి, తర్వాత మెట్రో పనులు వచ్చిపడ్డాయి. నిలబెట్టని దారిని చూపించి జనం రాలేదనడం న్యాయం కాదు. హైదరాబాదు ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పు, రాత్రికి దీపాలు. రాత్రి సైకిలుకు వెలుతురు ఇవ్వడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదని అది రుజువు చేసింది. కాకపోతే అది ఎక్కువగా వ్యాయామానికే పనికొచ్చే చోట ఉంది. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే రోడ్డు మీద అలాంటి శ్రద్ధ కావాలి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల భయానికి కూడా జవాబు చాలావరకు దారి ఎక్కడ వేస్తామన్నదానిలోనే ఉంది. దీపాలున్న, దుకాణాలు తెరిచి ఉన్న, జనం తిరిగే వీధుల గుండా దారి వేయాలి. ఫ్లైఓవర్ నీడలోకి తోసేయకూడదు. రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు ముగిశాక రోడ్డు ఎలాగూ బాగుచేయాలి. 2025లో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో వచ్చిన కొత్త కార్పొరేషన్ల ఇంజినీర్లు అప్పుడు సైకిలు లేన్‌ను కూడా తిరిగి వేయాలి, బైకులు ఎక్కలేనంత ఎత్తు గట్టుతో. తనిఖీకి రాత్రి ఎనిమిదింటికి, సైకిళ్ల మీద రావాలి. ఆ లేన్ చివరిదాకా ఎక్కడా దిగకుండా వెళ్లగలిగితేనే కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం పెట్టాలి.