చదవకుండా పెట్టిన సంతకం

పోయిన జనవరిలో మా మావయ్యగారు పదిరోజులపాటు లాప్‌టాప్ ముట్టుకోలేదు. అడిగితే "కళ్ళు లాగుతున్నాయమ్మా, కొన్నాళ్ళు ఆపుదామని" అన్నారు. నమ్మాను.

చలికాలం మిల్టన్‌లో పెద్దవాళ్ళకి ఆ లాప్‌టాపే వీధి అరుగు. సూపర్ వీసా మీద వచ్చి, పగలంతా మేం ఆఫీసుల్లో, పిల్ల బళ్ళో ఉంటే, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవాలి. బయట నడుద్దామంటే కాలిబాట గడ్డకట్టి ఉంటుంది, జారితే తుంటి ఎముకే. అందుకని నా పాత లాప్‌టాప్ ఆయనకిచ్చాం. పాత సినిమాలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, ఊరి వార్తలు, అదే ఆయన లోకం. అలాంటి మనిషి పదిరోజులు దాని మూత తెరవలేదంటే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఒక ఆదివారం ఏదో బిల్లు ప్రింటు తీయడానికి నేనే తెరిచాను. తెరిచీ తెరవగానే కుడివైపు కింది మూలన నోటిఫికేషన్లు ఒకదాని మీద ఒకటి లేచాయి. మీ కంప్యూటర్లో ఐదు వైరస్‌లున్నాయి, మీ రక్షణ గడువు ముగిసింది, ఇప్పుడే ఇక్కడ నొక్కండి. పేరున్న యాంటీవైరస్ కంపెనీ గుర్తుతో సహా. బ్రౌజర్ తెరిస్తే నేనెన్నడూ చూడని సెర్చ్ పేజీ. చిరాకేసింది. "కనపడ్డవన్నీ నొక్కితే ఇలాగే అవుతుంది మావయ్యగారూ" అనేశాను.

ఆయనేం మాట్లాడలేదు. కాసేపటికి తన గదిలోకెళ్ళి, తెలుగు కేలండర్‌లోంచి చించిన డిసెంబరు కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. దాని వెనక ఆయన గుండ్రటి చేతిరాతలో ఒక ఫోన్ నంబరు. దాని కింద తన బ్యాంకు కార్డు మీది పదహారు అంకెలు. ఆ ఫోన్ నంబరు తెర మీద వచ్చిందట. "మీకు తెలిసేలోపు డబ్బు కట్టేసి బాగు చేయిద్దామనుకున్నానమ్మా. వాళ్ళ ఇంగ్లీషు నాకు అర్థమవుతుందో లేదో అని ఆగాను" అన్నారు.

అప్పుడు తెలిసింది, కళ్ళు లాగడమేం లేదని. కోడలి కంప్యూటర్ పాడుచేశానని పదిరోజులు లోలోపల కుమిలిపోయారు. ఆయన్ని కాపాడింది నా తెలివీ కాదు, కంప్యూటర్లోని ఏ రక్షణా కాదు. ఇంగ్లీషు రాదన్న బెరుకు.

ఇంతకీ ఆయన చేసిన తప్పేమిటి? పాత సినిమా కోసం ఒక సైట్‌కి వెళ్ళారు. "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి" అంది ఆ పేజీ. నొక్కారు. నిజానికి ఆ అలౌ బొత్తాం రోబోల పరీక్షది కాదు. ఈ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపవచ్చా అని బ్రౌజర్ అడిగే ప్రశ్నకి జవాబు అది. ప్రశ్న ఒకరిది, దాని అర్థం చెప్పింది ఇంకొకరు. ఒక్కసారి ఔనంటే చాలు, ఆ సైట్ మూసేసినా సరే, బ్రౌజర్ నడుస్తున్నంతసేపూ వాళ్ళ మాటలు తెర మూలన లేస్తూనే ఉంటాయి. అవి అచ్చం కంప్యూటరే చెప్తున్నట్టు కనబడతాయి. అక్కడ లోపల వైరస్ ఏదీ లేదు. ఉన్నదల్లా ఆయన ఇచ్చిన ఒక అనుమతి.

మా మావయ్యగారు తెనాలిలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ముప్ఫై ఆరేళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. చదవడం రానివాళ్ళకి కాగితం మొత్తం చదివి వినిపించి, అర్థమైందా అని రెండుసార్లు అడిగి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించేవారని మా ఇంట్లో చెప్పుకుంటారు. అలాంటాయనకి నేను ఈ అలౌ సంగతి విడమరిచి చెప్తే, కాసేపు ఆలోచించి, "అంటే ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారన్నమాట" అన్నారు. ఇన్నేళ్ళుగా కంప్యూటర్లతో బతుకుతున్నాను, యాడ్‌వేర్ గురించి ఇంతకంటే సరైన మాట నేను వినలేదు.

అది తలుపు పగలగొట్టుకుని రాదు. మన చేత ఔననిపించుకుని వస్తుంది. ఉచిత ప్రోగ్రామ్ దించుకుంటుంటే వరసగా నెక్స్ట్, నెక్స్ట్ అని వస్తాయి చూడండి, వాటిలో ఒకచోట ముందే టిక్కు పెట్టిన గడి ఉంటుంది. ఆ గడి మనం కోరని ఇంకో ప్రోగ్రామ్‌ది. అది వచ్చి మన సెర్చ్ మార్చేస్తుంది, పేజీల మధ్య ప్రకటనలు దూరుస్తుంది, మనం ఏం చూస్తున్నామో రాసుకుంటుంది. తీరా నిలదీస్తే మీరే కదా ఒప్పుకున్నారంటుంది. ఈ ఒప్పుకోలు బలంతోనే కోర్టుకి కూడా ఎక్కారు. జాంగో అనే అమెరికా కంపెనీ, తన సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకుంటున్నారని యాంటీవైరస్ తయారుచేసే కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. 2009లో అప్పీలు కోర్టు కాస్పర్‌స్కీ పక్షానే తీర్పిచ్చింది. అయినా ఇప్పటికీ యాంటీవైరస్‌లు ఇలాంటివాటిని తిన్నగా దొంగ అనవు. "అక్కర్లేనిది కావచ్చు" అని ఒక మెత్తటి పేరు పెట్టాయి. పేరే అంత మెత్తగా ఉంటే మావయ్యగారి లాంటి వాళ్ళు దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు?

ఇదంతా ఎక్కడో దూరదేశపు మోసగాళ్ళ పని అనుకునేదాన్ని. కానీ పేరు మోసిన ఉదాహరణ ఒకటి ఇక్కడే, మాంట్రియల్‌లో పుట్టింది. వాజామ్ అని 2011లో మొదలైంది. మీరేదైనా వెతికితే, మీ స్నేహితులు ఫేస్‌బుక్, ట్విటర్లలో దాని గురించి ఏమన్నారో చూపిస్తామని వచ్చింది. వినడానికి బాగానే ఉంది. రానురాను ప్రకటనలు దూర్చే సాఫ్ట్‌వేర్ అయింది, ఇతర ఉచిత ప్రోగ్రామ్‌ల వెంటబడి లక్షలాది కంప్యూటర్లలోకి చేరింది. కెనడా ప్రైవసీ కమిషనర్ కార్యాలయం విచారించి 2017లో నివేదిక ఇచ్చింది. జనం దగ్గర సరైన సమ్మతి తీసుకోలేదనీ, వదిలించుకోవడం కష్టమయ్యేలా చేశారనీ, పోగుచేసిన సమాచారానికి తగిన భద్రత లేదనీ తేల్చింది. ఈలోగా కంపెనీ ఆ వ్యాపారపు ఆస్తుల్ని హాంకాంగ్‌లోని ఒక సంస్థకి అమ్మేసింది. 2019లో మాంట్రియల్‌లోనే ఉన్న కాంకార్డియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని పాత, కొత్త రూపాలు ఎన్నో విప్పి చూశారు. యాంటీవైరస్‌ల కంట పడకుండా అది ఎన్ని వేషాలు వేసిందో, బ్యాంకు సైట్లకి కూడా రక్షణగా ఉండే తాళాన్ని ఎలా బలహీనపరిచిందో రాశారు. ఇలాంటిదాన్ని పట్టుకోవడానికి విశ్వవిద్యాలయం కావలసివస్తే, తెనాలి నుంచి వచ్చిన పెద్దమనిషిని "చూసుకోవద్దా" అని అడగడం ఏం న్యాయం?

చట్టం లేదా అంటే ఉంది. కెనడాలో 2015 జనవరి 15 నుంచి, ఒకరి కంప్యూటర్లో వాళ్ళ సమ్మతి లేకుండా ప్రోగ్రామ్ ఎక్కించకూడదు. సెట్టింగులు మార్చడం, సొంత సమాచారం తీసుకోవడం లాంటివి చేసేదైతే, ఆ సంగతి పొడుగాటి ఒప్పంద పత్రంలో కలిపేయకుండా విడిగా చెప్పాలి. ఉల్లంఘిస్తే కంపెనీకి కోటి డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. 2018లో ప్రకటనల ద్వారా హానికర సాఫ్ట్‌వేర్ వ్యాపించడానికి తోడ్పడ్డారని రెండు సంస్థల మీద లక్ష, లక్షన్నర డాలర్ల చొప్పున జరిమానా ప్రకటించారు కూడా. కానీ మోసపోయినవాళ్ళు సొంతంగా దావా వేసే హక్కు 2017 జులైలో అమల్లోకి రావలసి ఉండగా, సరిగ్గా దానికి ముందే ప్రభుత్వం నిలిపేసింది. విడిగా చెప్పాలి అన్న ఒక్క మాట చూడండి, మా మావయ్యగారు ముప్ఫై ఆరేళ్ళు చేసిన పని అదే. కాగితం మీద ఉన్న న్యాయం తెర మీదికి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఉచితంగా కావాలన్నప్పుడు ప్రకటనలు భరించాలి కదా అని నాతో వాదించినవాళ్ళున్నారు. ప్రకటనలతో నాకు తగాదా లేదు. వారపత్రిక వెనక అట్ట మీద సబ్బు ప్రకటన చూస్తూ పెరిగినదాన్నే. ఆ ప్రకటన తాను సబ్బు ప్రకటననని చెప్పుకునేది. డాక్టరు వేషం వేసుకుని ఇంటికొచ్చి నీకు జబ్బు చేసిందని చెప్పలేదు. పాఠకుణ్ణి భయపెట్టి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా చేసేదాన్ని ప్రకటన అనకూడదు.

ఇక శుభ్రం చేసిన సంగతి. ఎవరికైనా పనికొస్తుందని వరసగా చెప్తాను. మొదట క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అనుమతి ఉన్న సైట్లలో తెలియనివన్నీ తీసేశాను. వైరస్ బెదిరింపులు అక్కడితో ఆగిపోయాయి. అసలు ఏ సైట్ కూడా నోటిఫికేషన్ల కోసం అడగకుండా అక్కడే ఆపేయవచ్చు, అదీ చేశాను. తర్వాత ఎక్స్‌టెన్షన్ల జాబితా చూసి, నేను పెట్టనివి తొలగించాను. ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాని తేదీల వారీగా పేర్చి, ఏవి ఎప్పుడొచ్చాయో చూశాను. చివరికి మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌డబ్ల్యూక్లీనర్ అనే ఉచిత పరికరాన్ని, వాళ్ళ సొంత సైట్ నుంచే దించుకుని నడిపాను. ఇలాంటివి కూడా సెర్చ్‌లో పైన కనబడే ప్రకటన నొక్కి దించుకోకూడదు, మందు పేరుతో విషం అమ్మేవాళ్ళు అక్కడే ఉంటారు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఇదే విషయంలో హెచ్చరిస్తూ, వెతికేటప్పుడు ప్రకటనల్ని అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ వాడమని సలహా ఇచ్చింది. విండోస్ సెక్యూరిటీలో అక్కర్లేని యాప్‌లని అడ్డుకునే మీట ఒకటుంది, అది వేసి ఉందో లేదో కూడా చూసుకోండి.

తెర మీది నంబరుకి ఇప్పటికే ఫోన్ చేసి, ఎవరికో కంప్యూటర్ లోపలికి దారి ఇచ్చి ఉంటే మాత్రం ఈ శుభ్రం చాలదు. ముందు ఇంటర్నెట్ తీసేయాలి. కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి బ్యాంకుకి చెప్పాలి. పాస్‌వర్డ్‌లు ఇంకో కంప్యూటర్ నుంచి మార్చాలి.

ఇప్పుడు నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ తేదీల జాబితాలో, సెర్చ్ పేజీని మార్చేసిన ప్రోగ్రామ్ ఏ రోజు ఎక్కిందో చూశాను. మావయ్యగారు కెనడా రావడానికి ఏడాదిన్నర ముందు. అదే రోజు, అదే గంటలో, నాలుగు పీడీఎఫ్‌లు కలపడానికి నేనొక ఉచిత ప్రోగ్రామ్ దించుకున్నాను. ఆఫీసు తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ అని నేనే నొక్కాను. తర్వాత కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, ఆ చెత్తతో సహా పాతది ఆయనకిచ్చాను. ఇచ్చేముందు ఒకసారి తుడిచి చూడాలనిపించలేదు. పైగా కనపడ్డవన్నీ నొక్కుతారని ఆయన్నే అన్నాను.

చాలా ఇళ్ళలో ఇంతేననుకుంటాను. మనం వాడి పారేసినవి పెద్దవాళ్ళకిస్తాం. ఎలా వాడాలో పది నిమిషాలు చూపిస్తాం, ఏది నమ్మకూడదో చూపించం. వాట్సాప్‌లో ఫలానా సినిమా ఉచితంగా ఇక్కడ, ఫలానా నవల పీడీఎఫ్ ఇక్కడ అని తెలియని లింకులు మనమే పంపుతాం. తెలుగులో రాసుకోవడానికని పెద్దవాళ్ళు ఎక్కడెక్కడి ప్రోగ్రామ్‌లో దించుకుంటుంటే చూస్తూ ఊరుకుంటాం. 2019 నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఏమీ దించుకోకుండా రాసుకోవడానికి లేఖిని ఉంది. పాత పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎన్నో ఉన్నాయి. ఈ దారులు చూపించడానికి ఒక్క ఆదివారం చాలు.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు వచ్చి చెప్పగలిగేలా మనం ఉండాలి. ఆ మోసం సాగేది సిగ్గు మీద. ఇంట్లోవాళ్ళకి తెలిసేలోపు సర్దేద్దామనుకునే మనిషే వాళ్ళకి కావాలి. మన విసుగు ఆ మనిషిని తీసుకెళ్ళి వాళ్ళకి అప్పగిస్తుంది.

ఆ సాయంత్రమే మావయ్యగారికి తేదీల జాబితా చూపించి, తప్పు నాదని చెప్పాను. కేలండర్ కాగితం నా ముందే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. మర్నాటి నుంచి మళ్ళీ డిటెక్టివ్ నవలలు మొదలయ్యాయి. తెర మీద ఏదైనా లేచిందంటే దస్తావేజు చదివినట్టు పైకి చదువుతారు, అర్థంకాకపోతే కేకేస్తారు. నిన్న నేను పోపు వేస్తుండగా "అమ్మాయ్, ఇదేదో అడుగుతోంది, ఓసారి వచ్చి చూడు" అన్నారు. పొయ్యి కట్టేసి వెళ్ళాను. ఇద్దరం కలిసి మొదటి నుంచి చివరిదాకా చదివాం. విండోస్ అప్‌డేట్. నిజమైనదే.