విహారయాత్రలో ఆపకూడనివి, ఆపుకోవలసినవి

శని, ఆదివారాలు చేతికి చిక్కితే చాలు, పట్టణాలలో ఉద్యోగాలు చేసుకునే యువతీయువకులు తలా కొంత సొమ్ము వేసుకుని ఏ చెరువుగట్టుకో, కొండకోనకో బయలుదేరడం ఇప్పుడు పరిపాటి అయింది. దీనిని దుబారా అనీ, తిరుగుబోతుతనం అనీ నిందించే పెద్దలతో నేను ఏకీభవించను. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని మెడలు పట్టేసిన వారికి రెండు రోజుల పచ్చదనం, నలుగురు స్నేహితుల నవ్వు అవసరమే. నా అభ్యంతరమల్లా తక్కువ ఖర్చు అనే మాటను వారు అర్థం చేసుకున్న తీరు మీదనే. డబ్బు మిగల్చడానికి వారు మొదట కోత పెట్టేది నిద్రకు, తరువాత మంచినీటికి, ఆ పిమ్మట ప్రాణరక్షణకు. చిరుతిళ్ల పొట్లాలకు, శీతల పానీయాలకు, కొందరి విషయంలో మద్యానికి మాత్రం కోత ఉండదు.

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువునే తీసుకుందాం. కాకతీయుల కాలంలో కొండల నడుమ కట్ట వేసి నిలిపిన నీరు అది. పాకాల, రామప్ప చెరువుల వలెనే నేటికీ పొలాలకు పారుతున్నది. నీటి మధ్య దీవులు, వాటికి చేర్చే వేలాడే వంతెన, పడవ షికారు, చుట్టూ అడవి. వరంగల్లుకు సుమారు 70 కిలోమీటర్లు. హైదరాబాదుకు 200 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదు నుంచి పొదుపుగా వెళ్లదలచిన మిత్రబృందం శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి నేరుగా బస్సు ఎక్కుతుంది. ఒక రాత్రి గది అద్దె మిగిలిందని వారి సంతోషం. తెల్లవారుజామున వరంగల్లులో దిగి, బస్టాండు బల్లల మీద కునుకు తీసి, ములుగు దారి పట్టి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడిని కూడా చుట్టి, ఎండవేళకు చెరువు చేరుతుంది. కడుపునిండా బిర్యానీ తిని, చేయి కడుక్కున్న వెంటనే పడవ ఎక్కుతుంది. శనివారం రాత్రి పాటలు, కబుర్లు. ఆదివారం మళ్లీ ఆటలు, రాత్రికి తిరుగు బస్సు, సోమవారం ఉదయం ఆఫీసు. ఒక్క లక్నవరమనే కాదు, తాళ్ల మీద నడిపించి, తీగకు వేలాడదీసి జార్చే సాహస క్రీడల కేంద్రాలు ఏ చెరువు పక్కన ఉన్నా వరుస ఇదే.

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఒక చిన్న పట్టిక ఉంది. అలవాటు ఉన్నప్పటికీ వివేకి మితిమీరి చేయకూడనివని చరకుడు వరుసగా కొన్నిటిని చెప్పాడు: వ్యాయామం, నవ్వు, మాటలు, దారి నడక, స్త్రీపురుష సంగమం, రాత్రి జాగరణ. ఈ వరుస చదివినప్పుడల్లా నాకు మన యువకుల విహారయాత్ర కార్యక్రమ పత్రం చదువుతున్నట్లే ఉంటుంది! ఆయన వీటిలో దేనినీ నిషేధించలేదన్నది గమనించాలి. మితిమీరితే మాత్రం, ఏనుగును ఈడ్వబోయిన సింహం వలె మనిషి కూలిపోతాడని హెచ్చరించాడు. వాగ్భటుడు మరికొంత కొలత కూడా ఇచ్చాడు. బలవంతులు సైతం శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలట. అదీ చలికాలంలోనూ, వసంతంలోనూ. తక్కిన ఋతువులలో అంతకన్నా తక్కువ. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాస తీయవలసి వస్తే సగం శక్తి వినియోగమైనట్లు గుర్తు. ఏడాదికి ఒకమారు తెడ్డు పట్టినవారికి ఆ గుర్తు పావుగంటలోనే కనిపించవచ్చు. అక్కడ ఆగితే సోమవారం భుజాలు లేస్తాయి.

అదే అధ్యాయంలో అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. శరీరం మనకు పంపే పిలుపులను ఆయుర్వేదం వేగాలు అంటుంది. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, ఆవులింత, ఆయాసపు శ్వాస మొదలైన పదమూడు వేగాలను ఆపరాదని చరకుడు చెప్పాడు. ఆ వెంటనే, తప్పక ఆపుకోవలసిన వేగాలు వేరే ఉన్నాయన్నాడు. లోభం, కోపం, అసూయల వంటివి అవి. వాటిలో మొదట చెప్పవలసినది సాహసం, అంటే తన శక్తి తెలియక చేసే దుడుకు పని. మన చెరువుగట్టు యాత్రలలో ఈ రెండూ తారుమారు అవుతున్నాయి. ఆపకూడని వాటిని రెండు రోజులు బిగబట్టి, ఆపుకోవలసిన దానిని విడిచిపెడుతున్నారు.

బిగబట్టే బాధ ఎక్కువగా ఆడపిల్లలది. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని వారు ఉదయం నుంచి నీళ్లు తాగరు. ఎండలో చెమట కారుతున్నా తాగరు. ఇంటికి వచ్చిన రెండు మూడు రోజులలో మూత్రంలో మంట, మాటిమాటికీ పరుగు. ఇది వారి సిగ్గుకు సంబంధించిన విషయమని మగపిల్లలు ఊరుకోవడం నాకు నచ్చదు. బండి మాట్లాడుకున్నప్పుడే, రెండు గంటలకు ఒకమారు మంచి పెట్రోలు బంకు వద్దనో, పెద్ద హోటలు వద్దనో ఆపాలని డ్రైవరుకు చెప్పడం బృందమంతటి బాధ్యత. మంట స్వల్పంగా ఉంటే ధనియాల నీరు, బార్లీ నీరు తాగడం మనకు తెలిసినదే. కాని చలితో జ్వరం, నడుముకు పైన నొప్పి, మూత్రంలో ఎరుపు కనిపిస్తే ధనియాల నీటి మీద ఆధారపడి ఒక్కరోజు కూడా జాప్యం చేయరాదు.

ఇక సాహసం. తేలియాడే జాకెట్టు ఉక్కగా ఉందనీ, ఫోటోలో అందం చెడుతుందనీ పట్టీలు విప్పుకుంటారు. పడవలో నిలబడతారు. తాగినవారు ఈదుతామంటారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి ఎందరో మరణించిన తరువాత కూడా ఈ నిర్లక్ష్యం పోలేదు. భోజనం చేసిన వెంటనే ఎండలో తిరగడం, ప్రయాణం, ఈత కూడదని అష్టాంగ హృదయం చెబుతున్నది. బాహువులతో నదిని దాటరాదనీ, అనుమానం కలిగిన నావ ఎక్కరాదనీ దినచర్యాధ్యాయంలోనే ఉంది. పళ్లు తోముకోవడం, నూనె రాసుకోవడం చెప్పిన అధ్యాయంలోనే పడవ సంగతి కూడా చేర్చిన ఆ ముందుచూపుకు నేను ఆశ్చర్యపడుతుంటాను. జాకెట్టు లేకుండా ఎక్కించుకునే పడవవాడు ఎంత చౌకగా తిప్పినా ఆ పడవ అనుమానపు నావయే.

గృహవైద్యాన్ని అభిమానించే మన పాఠకులకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. నీట మునిగినవారిని బయటకు తీసి, తలకిందులుగా పట్టుకుని ఊపడం, బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన పల్లెలలో ఇంకా జరుగుతున్నది. దయచేసి మానండి. అతనికి కావలసినది గాలి. పొట్టలోని నీటి కోసం గడిపే ప్రతి నిమిషం మెదడుకు నష్టం. మునుగుతున్నవాని వద్దకు ఈత రానివారు దూకకుండా తాడో, కర్రో, తువ్వాలో అందించాలి. బయటకు తీయగానే ఒకరు 108కి ఫోను చేయాలి. శ్వాస లేకుంటే వెల్లకిల పడుకోబెట్టి, తల కొద్దిగా వెనుకకు వంచి, ముక్కు మూసి, మొదట నోటిలోనికి గాలి ఊదాలి. తరువాత రొమ్ము నడుమ రెండు చేతులతో బలంగా, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన 30 మార్లు అదిమి, 2 మార్లు ఊదాలి. సహాయం అందేవరకు దీనిని ఆపరాదు. తేరుకున్నా ఆసుపత్రికి చేర్చవలసిందే. ఈ పద్ధతిని బయలుదేరే ముందే బృందంలో ఇద్దరైనా నేర్చుకుని ఉండాలి.

మరి పొదుపు ఎక్కడ? తిండిలో చేయవచ్చును. ఇంటి నుంచి పులిహోర, సర్వపిండి, సకినాలు, వేయించిన వేరుసెనగలు, అరటిపండ్లు తీసుకుపోతే ఒక పూటకు పైగా గడుస్తుంది, కడుపు చెడదు. కొన్న పానీయాల బదులు కాచి చల్లార్చిన నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. బస్సులో వికారం పుట్టేవారికి చిన్న అల్లం ముక్క చాలును. రామప్పనూ, లక్నవరాన్నీ, ఆటలన్నిటినీ ఒకే యాత్రలో ముగించాలన్న ఆశ తగ్గించుకుంటే చాలా ఖర్చు దానంతటదే తగ్గుతుంది. మిగిలిన సొమ్ముతో శుక్రవారం రాత్రి వరంగల్లులో ఒక గది తీసుకుని నిద్రపోండి. తిరిగి వచ్చాక గోరువెచ్చని నువ్వుల నూనె ఒంటికి పట్టించి, వేడినీళ్ల స్నానం చేసి, మిరియాల చారుతో తేలికగా భోంచేసి, పెందలకడనే పడుకోవాలి.

దోమతెర మాత్రం మరువవద్దు. ములుగు అడవి ప్రాంతంలో మలేరియా కొత్తది కాదు, వానాకాలంలో మరీను. సాయంత్రమైతే నిండు చేతుల చొక్కా తొడుక్కోవాలి. వేపనూనె రాసుకున్నామన్న ధీమాతో తెర లేకుండా పడుకోరాదు. వచ్చిన నెలలోపు చలిజ్వరం కనిపిస్తే కషాయాలతో కాలయాపన చేయక, వెంటనే రక్తపరీక్ష చేయించుకుని, ఏ తేదీన ఏ అడవిలో పడుకున్నారో వైద్యునికి చెప్పండి.