చంద్రమతి వేషం

"బడి వార్షికోత్సవంలో చంద్రమతి వేషం నాకే ఇచ్చారు తాతయ్యా!" అంటూ మనమరాలు గుమ్మంలోంచే కేక వేసింది.

మిరపకాయల తొడిమలు తీస్తున్న మా ఆవిడ తల ఎత్తకుండానే, "మన ఇంటావంటా లేదు. నాటకాలాడిన పిల్లకు రేపు సంబంధాలెవరు తెస్తారు?" అన్నది.

మా చీమకుర్తిలో హరిశ్చంద్ర పద్యం చెవిన పడని ఇల్లుండదు. హరిశ్చంద్రుడు అందరికీ కావాలి. చంద్రమతి మాత్రం పరాయి ఇంట పుట్టాలి!

ఆ మాట నేను పైకి అనలేకపోయాను. నలభై ఏళ్ళ కిందట మా చెల్లెలు ఇదే వేషానికి ముచ్చటపడితే, పరువు పోతుందని అడ్డుపడినవాణ్ణి నేనే. అది ఏడ్చి ఊరుకుంది. ఆ తర్వాత గొంతెత్తి పద్యం చదవగా నేను వినలేదు.

రాత్రి భోజనాల దగ్గర సురభి కమలాబాయి కథ ఎత్తాను.

"1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించారు. అప్పటినుంచీ ఆ కుటుంబంలో అత్తాకోడళ్ళు, బావామరదళ్ళు అందరూ నటులే. తక్కిన సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళు కట్టేవారు. మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా పేరు మోశారు గదా! సురభిలో మాత్రం ఇంటి ఆడవాళ్ళే వేశారు. కమలాబాయి తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, రంగస్థలం మీదే ఈవిడను కన్నదని చెప్పుకుంటారు."

"నిండు చూలాలిచేత వేషం కట్టించారా?"

"మనవాళ్ళు నెలలు నిండేదాకా పత్తి తీయలేదూ? వాళ్ళకి రంగస్థలమే చేను."

మా ఆవిడ మజ్జిగ పోయడం ఆపింది.

"చిన్నతనంలో నాటకాల్లో ప్రహ్లాదుడి వేషం కట్టిన పిల్ల, 1932లో తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో ఆ ప్రహ్లాదుడి తల్లి లీలావతి అయింది. ఆ ఏడే శకుంతల. 1951లో 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి కూడా ఆవిడే."

"ఆవిడా! టూరింగు టాకీసులో చూశాను. అచ్చం మా అమ్మలా ఉండేది."

"చూశావా! నాటకాలాడే ఇంట పుట్టిన మనిషిలో నీకు మీ అమ్మే కనిపించింది."

మా ఆవిడ జవాబు చెప్పలేదు. తెల్లవారి చూస్తే మంచం మీద పాత చీరాల చీర మడత పెట్టి ఉన్నది. "కాటి సీనుకు కొత్తది బాగుండదు" అన్నది.

నేను చెల్లెలికి ఫోను చేసి, "పిల్లకు పద్యాలు నువ్వే నేర్పాలమ్మా" అన్నాను. చాలాసేపు పలకలేదు. తప్పు ఒప్పుకోవాలని నోరు తెరిచేలోగా, అదే అడిగింది:

"హార్మనీ ఎవరు వాయిస్తారన్నయ్యా?"