వింత కథ - వివాది స్వరం

చీకటి పడిన తరువాత శ్మశానం ప్రక్కనున్న దారిలో అడుగు వేయడానికి జంకే బాలుడు, అదే శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకొని మౌనంగా నడిచే విక్రమార్కుని కథను మాత్రం ఊపిరి బిగబట్టి వింటాడు. కథ ముగియగానే మరొకటి చెప్పమని మారాము చేస్తాడు. 'చందమామ' పత్రికలో బేతాళ కథలు దశాబ్దాల తరబడి వెలువడినా పాఠకులకు విసుగు పుట్టలేదు. నిత్యజీవితంలో తప్పించుకొని తిరిగే భయాన్ని మనిషి కథలో వెదకి మరీ పట్టుకొంటాడు. ఇది మానవ స్వభావంలోని ఒక వైచిత్రి.

అయితే బాల్యంలో సహజంగా ఉండే ఈ కుతూహలం వయస్సుతోపాటు సన్నగిల్లుతుంది. చదువుకొన్నవారు సైతం కొన్ని గ్రంథాలను "అర్థం కాలేదు" అన్న ఒక్క మాటతో మూసివేస్తారు. కొన్ని రాగాలను "మనసుకు ఏదోలా ఉంది" అని ప్రక్కకు నెడతారు. అటువంటి రచనలను ఇష్టపడేవారి అభిరుచిలోనే ఏదో లోపమున్నదని అనుమానిస్తారు. కలతపెట్టే కళపట్ల ఆకర్షణ నిజంగా అభిరుచి దోషమేనా? లేక దానివలన మనిషికి ఏదైనా ప్రయోజనమున్నదా? ఈ ప్రశ్నకు సమాధానం మన సాహిత్య సంగీత సంప్రదాయాలలోనే లభిస్తుంది.

భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలను పేర్కొన్నాడు. శృంగార హాస్య వీరాలతోపాటు భయానక బీభత్సాలకు కూడా ఆయన సమాన గౌరవమిచ్చాడు. భయమూ జుగుప్సా లోకంలో దుఃఖహేతువులు. అవి కావ్యంలో ఆస్వాదయోగ్యాలు ఎట్లా అవుతాయన్నది ఆలంకారికులను చిరకాలం ఆలోచింపజేసిన సమస్య. లోకంలో భయం కలిగినప్పుడు మనిషి తనను తాను కాపాడుకొనే యత్నంలో ఉంటాడు. అప్పుడు ఆ భయాన్ని పరిశీలించే తీరిక అతనికి ఉండదు. నాటకశాలలో ఆ భయం అతని సొంతం కాదు, మరొకరి సొంతమూ కాదు. అది అందరిదీ అవుతుంది. ఈ సాధారణీకరణ వల్లనే సహృదయుడు భయాన్ని ఎదుట నిలుపుకొని చూడగలుగుతాడని అభినవగుప్తుడు మొదలైనవారు వివరించారు. భవభూతి మాలతీమాధవంలోని పంచమాంకం శ్మశానంలో జరుగుతుంది. అక్కడ కాపాలికుడు మాలతిని చాముండకు బలి ఇవ్వబోతాడు. ఆ దృశ్యాన్ని చూసే ప్రేక్షకుడు వణుకుతాడు. కాని లేచి పారిపోడు. పారిపోకుండా భయాన్ని చూడగలగడమే కళ అతనికిచ్చే తొలి శిక్షణ.

భయానకానికి ఈ సమాధానం చాలును. కాని కొన్ని రచనలు భయపెట్టవు, దారి తప్పిస్తాయి. ఎక్కడ ఉన్నామో, ఎవరు ఎవరో తెలియని స్థితిలో పాఠకుణ్ణి నిలబెడతాయి. తెలుగులో ఇటువంటి రచనకు గొప్ప ఉదాహరణ 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం.

నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన ఈ ఎనిమిది ఆశ్వాసాల కావ్యం కథను మొదటి నుండి మొదలుపెట్టదు. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. ఆకాశమార్గాన నారదుడూ అతని శిష్యుడు మణికంధరుడూ వెళుతూ ఉంటారు. రంభా నలకూబరులు విమానంలో విహరిస్తూ ఉంటారు. వీరందరినీ ఒకచోట ఎందుకు చేర్చాడో కవి వెంటనే చెప్పడు. కొంత దూరం పోయేసరికి మణికంధరుడు నలకూబరుని రూపం ధరిస్తాడు. కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అసలు జంటా మారు జంటా ఎదురుపడేసరికి ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు! పాత్రలు కలహించుకొంటూ ఉంటే పాఠకుడు వ్రేళ్లు మడిచి లెక్కపెట్టుకోవలసి వస్తుంది. చివరకు ఈ చిక్కుముడిని విప్పేది మునీశ్వరుడూ కాదు, వృద్ధ మంత్రీ కాదు. కలభాషిణియే మరుజన్మలో మధురలాలసగా పుట్టి, పసికందుగా ఉండగానే ఒక మణి ప్రభావంతో పూర్వజన్మ వృత్తాంతాన్ని నిండు సభలో చెబుతుంది. వీటన్నింటికీ మూలం సత్యలోకంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. అక్కడ చెప్పిన కథే ఇక్కడ జీవితాలై నడిచింది. కథకు కాళ్లు లేవని సామెత. సూరన కథకు మాత్రం కాళ్లే కాదు, ప్రాణం కూడా ఉంది.

మొదటిసారి చదివినవానికి ఈ కావ్యం తికమకగానే ఉంటుంది. రెండవసారి చదివినప్పుడు ఆ తికమకలో కవి పాటించిన క్రమం కనబడుతుంది. ఏ చిన్న సంఘటనా వృథాగా చేరలేదని, ఎక్కడో విడిచిన దారం మరెక్కడో ముడిపడుతుందని తెలుస్తుంది. ఇంతటి అద్భుతాల నడుమ సుగాత్రీ శాలీనుల కథ కూడా ఉంది. నగలతో అలంకరించుకొని వచ్చిన భార్యను శాలీనుడు కన్నెత్తి చూడడు. అదే సుగాత్రి అలంకారాలు వదలి పూలతోటలో తనతోపాటు శ్రమించినప్పుడు ఆమెపై అతనికి అనురాగం పుడుతుంది. దాంపత్యాన్ని గురించిన ఇంతటి సూక్ష్మమైన పరిశీలన వింతల మధ్య దాగి ఉన్నది. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారంలో ఈ కావ్యాన్ని ప్రత్యేకంగా చర్చించి సూరన కల్పనాశక్తిని ప్రశంసించిన తరువాత ఆధునికుల దృష్టి దీనిపై మరింతగా ప్రసరించింది. ఈ కవియే రాఘవపాండవీయంలో అవే పద్యాలతో రామకథనూ భారతకథనూ ఏకకాలంలో నడిపించాడు. సూరనకు వింత కేవలం ఆభరణం కాదు. అది అతని ఆలోచనా విధానం.

వింతలోనుండి పరిచితమైన జీవితాన్ని చూపడం ఇతర భాషలలోనూ ఉన్నది. ప్రాగ్ నగరానికి చెందిన ఫ్రాంజ్ కాఫ్కా జర్మన్ భాషలో వ్రాసిన 'రూపాంతరం' 1915లో వెలువడింది. గ్రెగర్ సామ్సా అనే చిరుద్యోగి ఒక ఉదయం నిద్ర లేచేసరికి పెద్ద పురుగుగా మారి ఉంటాడు. అంతకంటె వింత ఏమిటంటే, అతడు తన రూపాన్ని గురించి కాక, రైలు తప్పిపోయినదని, ఉద్యోగానికి ఆలస్యమైనదని బెంగపడతాడు. సంపాదించినన్నాళ్లూ ఆదరించిన కుటుంబం క్రమంగా అతణ్ణి బరువుగా భావిస్తుంది. పురుగు సంగతి అసంభవం. కాని సంపాదన ఆగిపోయిన మనిషి సొంత ఇంటిలోనే పరాయివాడు కావడం అసంభవమా? ఈ ప్రశ్నను నేరుగా అడిగితే చదువరి తలయూపి ఊరుకొనేవాడు. పురుగు రూపంలో అడగడం వలన ఆ ప్రశ్న మరపురాకుండా మనసులో నిలిచిపోతుంది.

సాహిత్యంలో వింత కథ ఎటువంటిదో సంగీతంలో వివాది స్వరం అటువంటిది. పూర్వులు వాది స్వరాన్ని రాజుతోను, సంవాదిని మంత్రితోను, అనువాదిని సేవకునితోను, వివాదిని శత్రువుతోను పోల్చారు. శుద్ధ రిషభాన్ని ఆనుకొని శుద్ధ గాంధారం వచ్చినా, షట్శ్రుతి రిషభాన్ని ఆనుకొని అంతర గాంధారం వచ్చినా స్వరాలు ఒకచోట ఇరుకుగా ఒరసుకొంటాయి. మరొకచోట పెద్ద ఎడం ఏర్పడుతుంది. ధైవత నిషాదాల విషయంలోనూ ఇంతే. చెవికి కలిగే ఆ ఒరిపిడినే వివాది దోషమన్నారు. 72 మేళకర్తలలో 40 మేళాలకు ఈ లక్షణం ఉన్నది. అంటే వివాదిని వెలివేస్తే సంగీత ప్రపంచంలో సగానికి పైగా వెలివేసినట్లే.

ఈ ఒరిపిడి చుట్టూ ఎన్నో విశ్వాసాలు అల్లుకొన్నాయి. వివాది మేళాలు పాడితే కీడు కలుగుతుందన్నారు. గురువు వరాళి రాగాన్ని శిష్యునకు నేరుగా నేర్పితే వారిమధ్య వైరం పుడుతుందన్నారు. వివాది కాకపోయినా విషాదం నిండిన ఆహిరిని ఉదయాన పాడితే ఆనాడు అన్నం దొరకదన్నారు. ఈ మాటలలో కొంత అనుభవం లేకపోలేదు. వివాది స్వరాలను పలికించడం కత్తిమీద సాము. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా రాగం అపస్వరమవుతుంది. అందుచేత పక్వతలేని శిష్యుణ్ణి దూరంగా ఉంచడానికి ఈ నిషేధాలు ఉపకరించి ఉండవచ్చు. కాని జాగ్రత్త చెప్పడం వేరు, భయపెట్టడం వేరు. మొదటిది విద్యను కాపాడుతుంది. రెండవది విద్యను హరిస్తుంది.

మహావాగ్గేయకారులు ఈ భయానికి లొంగలేదు. శ్యామశాస్త్రి ఆహిరిలో 'మాయమ్మ' కృతిని రచించాడు. త్యాగరాజు ఘనరాగ పంచరత్నాలకు ఎన్నుకొన్న ఐదు రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. వీటిలో నాట, వరాళి రెండూ వివాది స్వరాలున్న రాగాలే. ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో వందలాది గాయకులు కలసి పంచరత్నాలను ఆలపిస్తారు. ఎవరూ నేర్పరాదన్న వరాళి ఆనాడు సామూహిక గానమవుతుంది. నాట సంగతి మరీ విశేషం. సంగీత సభలను ఈ రాగంతో శుభారంభం చేయడం పరిపాటి. శత్రువని పేరుపెట్టిన స్వరమే మంగళవాచకమై వేదికపై ముందుగా వినబడుతున్నది!

17వ శతాబ్దిలో వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో 72 మేళాలను ప్రతిపాదించేనాటికి వాటిలో వాడుకలో ఉన్నవి 19 మాత్రమే. తక్కినవి భవిష్యత్తు కోసం తెరచి ఉంచిన గదుల వంటివి. తూర్పుగోదావరి సీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ యౌవనారంభంలోనే ఆ 72 మేళాలలోనూ కృతులు రచించాడు. అవి 1952లో 'జనకరాగ కృతిమంజరి'గా వెలువడ్డాయి. నేడు కళాశాలలో చదువుకొంటున్నవారి ప్రాయంలో ఉన్న యువకుడు, పెద్దలు జంకిన గదుల తలుపులు ఒక్కొక్కటిగా తెరిచాడు. తరువాతి కాలంలో ఆయన నాలుగు స్వరాలతోనే మహతి, లవంగి వంటి రాగాలను కల్పించినప్పుడు వాదోపవాదాలు చెలరేగాయి. అయినా ఆ రాగాలు నిలిచాయి.

కలతపెట్టిన సంగీతం క్రమంగా ఆదరణ పొందడం అన్ని దేశాలలోనూ కనబడుతుంది. 1913 మే 29న పారిస్‌లో రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ కూర్చిన 'వసంతారాధన' నృత్యరూపకం తొలిసారి ప్రదర్శింపబడింది. ఒడుదొడుకుల లయలూ కర్కశమైన స్వరమేళనాలూ విని ప్రేక్షకులలో కొందరు ఎగతాళి చేశారు. సభలో గగ్గోలు చెలరేగింది. మరుసటి ఏడాది అదే నగరంలో ఆ సంగీతాన్ని కచేరీగా వినిపించినప్పుడు శ్రోతలు స్వరకర్తను భుజాలమీద ఎత్తుకొని ఊరేగించారు. 1940లో ఆ సంగీతమే వాల్ట్ డిస్నీ 'ఫాంటేసియా' చిత్రంలోకి ప్రవేశించింది. స్వరాలు మారలేదు; వినే చెవులు విశాలమయ్యాయి.

ఇంతమాత్రాన వింతగా ఉన్నదంతా గొప్పదని భావించరాదు. అర్థం లేకపోవడాన్ని లోతుగా చెలామణి చేసే రచనలూ ఉన్నాయి. కేవలం ఉలికిపాటు కలిగించడానికి రక్తపాతాన్ని కుమ్మరించే కథలూ, గోలను పెంచి కొత్తదనమని నమ్మించే సంగీతమూ ఉన్నాయి. వీటిని వేరుచేసే గీటురాయి ఒకటే: పునరావృత్తి. మంచి రచన రెండవసారి చదివినప్పుడు పెరుగుతుంది. బూటకపు రచన తరుగుతుంది. మొదటి ఉలికిపాటు తగ్గిన తరువాత ఏమి మిగిలిందో చూడాలి. కళాపూర్ణోదయంలో వింత తగ్గేకొద్దీ నిర్మాణం బయటపడుతుంది. వరాళిలో ఒరిపిడికి చెవి అలవాటుపడేకొద్దీ ఆర్ద్రత వినబడుతుంది. ఏమీ మిగలని దానిని విడిచిపెట్టడంలో తప్పులేదు. కాని ఆ తీర్పు రెండవసారి చదివిన తరువాత చెప్పవలసినది. మొదటి పుట వద్దనే చెప్పవలసినది కాదు.

నేటి విద్యార్థికి ఈ విచక్షణ మిక్కిలి అవసరం. సంగ్రహాలూ గైడులూ ప్రతి రచననూ ముందే నమిలి చేతికి అందిస్తున్నాయి. చరవాణిలో పాట నచ్చకపోతే క్షణంలో మరొక పాటకు పోవచ్చు. అర్థం కానిదాని ఎదుట పది నిమిషాలు నిలబడవలసిన అవసరమే లేని వ్యవస్థ ఏర్పడింది. పరీక్షకు ఆ మార్గం ఉపకరించవచ్చు; జీవితానికి ఉపకరించదు. మనుషులు సంగ్రహాలుగా ఎదురుపడరు. వేరొక ప్రాంతపు యాసలో మాట్లాడే సహాధ్యాయి, తన బాధను సూటిగా చెప్పలేని మిత్రుడు, కోపం వెనుక దుఃఖాన్ని దాచుకొన్న తండ్రి - వీరంతా మొదటి పఠనానికి లొంగని గ్రంథాలే. చిక్కుకథను ఓపికతో విప్పడం నేర్చినవాడు మనిషిని కూడా ఓపికతో అర్థం చేసుకోగలడు. అపరిచిత స్వరం వినగానే చెవులు మూసుకోవడం అలవాటైనవాడు అపరిచితుని మాటకూ అట్లాగే చెవులు మూసుకొంటాడు.

కాబట్టి గ్రంథాలయంలో ఒక పుస్తకం తికమక పెట్టినప్పుడు దానిని వెంటనే బల్లపై పడవేయక మరొక పది పుటలు చదవాలి. ఒక రాగం మనసును కలచినప్పుడు దానిని ఆపివేయక చివరిదాకా వినాలి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదని నిర్భయంగా చెప్పవచ్చు. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పవచ్చు. బేతాళుని ప్రశ్నకు సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న షరతు ఉన్నది. మౌనభంగమైతే శవం మళ్లీ చెట్టెక్కుతుందని తెలిసినా విక్రమార్కుడు సమాధానం చెప్పాడు. మళ్లీ చెట్టు దగ్గరకు నడిచాడు. ప్రతిసారీ అతనికి మరొక కథ దక్కింది.