చిన్న కొడుకులకు ఏం మిగిలింది?

మధ్యయుగ జర్మనీలో ప్రభువుల ఇంట చిన్న కొడుకుగా పుడితే చేతికి చిల్లిగవ్వ దక్కదని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ చాలా కుటుంబాల్లో అన్నదమ్ములు రాజ్యాన్నే పంచుకునేవారు. బవేరియాను ఏలిన విట్టెల్స్‌బాక్ వంశం 1255లో రెండుగా చీలింది. 1392లో మళ్లీ పంపకాలు జరిగి మ్యూనిక్, లాండ్స్‌హూట్, ఇంగోల్‌స్టాట్ అని మూడు వాటాలయ్యాయి. తమ్ముడికి అన్యాయం జరగలేదు సరే, దాయాదుల పోరు మాత్రం తరతరాలకూ తెగలేదు. లాండ్స్‌హూట్ డ్యూక్ 1503లో మగబిడ్డ లేకుండా పోతే, ఆ వారసత్వం కోసం జరిగిన యుద్ధంలో ఊళ్లకు ఊళ్లే తగలబడ్డాయి.

అది చల్లారాక, 1506లో మ్యూనిక్ డ్యూక్ నాలుగో ఆల్బ్రెక్ట్ శాసనం చేశాడు: ఇకపై రాజ్యమంతా పెద్ద కొడుకుదే, మిగతావారికి కౌంట్ బిరుదూ ఏటేటా భరణమూ. చిత్రమేమిటంటే ఆయనా చిన్న కొడుకే! చర్చి కొలువు కోసం ఇటలీలో చదువుకుంటూ, 1463లో పెద్దన్న చనిపోవడంతో ఇంటికొచ్చినవాడు. తన వాటా అడిగిన తమ్ముడు క్రిస్టాఫ్‌ను 1471లో ఖైదు చేయించిందీ ఆయనే.

చర్చికి పంపడమంటే గొంతు కోయడమేమీ కాదు. పెద్ద చర్చిలో స్థానం దొరికితే దాని భూముల రాబడితో దర్జాగా బతకొచ్చు. చాలామంది పూర్తిస్థాయి దీక్ష తీసుకునేవారు కాదు. అన్నకు వారసుడు లేకపోతే తిరిగొచ్చి పెళ్లి చేసుకునే దారి అలా తెరిచి ఉండేది. కానీ దీక్షా, పెళ్లీ, రాజ్యమూ ఏదీ చిన్న కొడుకు ఇష్టం కాదు. అన్న ఆయుష్షును బట్టి నడిచే బతుకది.

పొలం దున్నుకునేవాడి వైపు నుంచి చూస్తే, వారసత్వ పోరు లేని శాంతి కోసం నా ఓటు ఆల్బ్రెక్ట్ శాసనానికే. అయితే ఆ శాంతికి మూల్యం చెల్లించాల్సింది ఇంట్లోని చిన్నవాళ్లు, అందరూ దానికి తలొగ్గలేదు. ఆల్బ్రెక్ట్ రెండో కొడుకు లుడ్విగ్, తాను శాసనానికి ముందే పుట్టానని వాదించి, తల్లి అండతో 1514లో పాలనలో భాగం సాధించుకున్నాడు. లాండ్స్‌హూట్‌లో ఇటలీ శైలిలో రాజభవనం కట్టుకున్నాడు. చివరివాడు ఎర్నెస్ట్ 1517లో పాసావ్ బిషప్ పీఠానికి వెళ్లాడు. 1540లో జాల్జ్‌బుర్గ్ పీఠమూ దక్కింది, పూజారి దీక్ష మాత్రం తీసుకోలేదు. లుడ్విగ్ పెళ్లి కాకుండానే 1545లో చనిపోవడంతో, అతని భాగం గొడవేమీ లేకుండా అన్న చేతికే తిరిగొచ్చింది.