ట్రెక్కింగ్ పీక్ అంటే ట్రెక్ కాదు.. రాయికల్ నుంచి హిమాలయాలకు బయల్దేరే ముందు రూపాయలు కాదు, రాత్రులు లెక్కపెట్టాలి!

రాయికల్ (జగిత్యాల జిల్లా): ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియో. మంచు గట్టు మీద జాతీయ జెండా, వెనకాల నీలి ఆకాశం, కింద ఒక వాట్సాప్ నంబర్. ‘అనుభవం అక్కర్లేదు.. 6 వేల మీటర్ల శిఖరం.. గైడ్, టెంట్, భోజనం అన్నీ మావే’ అనే మాట. ఇలాంటి ప్రకటనలు హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల దగ్గరే ఆగిపోవు. రాయికల్, కోరుట్ల, సిరిసిల్లలో ఫోన్ పట్టుకున్న ప్రతి కుర్రాడి స్క్రీన్ మీదికీ వస్తాయి.

ఆశపడటంలో తప్పేం లేదు. జగిత్యాలకు పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లా నుంచి ఓ గురుకుల విద్యార్థిని ఎవరెస్ట్ ఎక్కి చూపించింది కూడా. కానీ ప్యాకేజీలు పోల్చేటప్పుడు చాలామంది చూసేది ఒక్కటే.. ఏది తక్కువ ధర? అసలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఎన్ని రాత్రులు?

ఎందుకంటే ధర తగ్గించడానికి సులువైన దారి రోజులు తగ్గించడం. కొండ మీద మనిషిని కాపాడేది కూడా ఆ రోజులే.

పేరులోనే తిరకాసు

‘ట్రెక్కింగ్ పీక్’ అన్న పేరు వినగానే నడుచుకుంటూ వెళ్లొచ్చే కొండ అనిపిస్తుంది. నిజానికి నేపాల్‌లో అది అనుమతి పత్రానికి సంబంధించిన పేరు. ఎవరెస్ట్ లాంటి పెద్ద శిఖరాలకు పర్మిట్ ప్రభుత్వ పర్యాటక శాఖ ఇస్తుంది. కొన్ని చిన్న శిఖరాల పర్మిట్లను నేపాల్ మౌంటెనీరింగ్ అసోసియేషన్ చూసుకుంటుంది. వాటికే ట్రెక్కింగ్ పీక్స్ అని పేరు పడింది.

ఖర్చులో తేడా మామూలుగా ఉండదు. వసంతకాలంలో నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కే విదేశీయులకు పర్మిట్ ఫీజు 11 వేల డాలర్లు ఉండేది. 2025 సెప్టెంబర్ నుంచి దాన్ని 15 వేల డాలర్లు చేశారు. ట్రెక్కింగ్ పీక్ పర్మిట్ వందల డాలర్లలోనే దొరుకుతుంది. ఫీజు తక్కువ కాబట్టి కొండ కూడా తేలికే అనుకుంటే మాత్రం పొరపాటే.

ఉదాహరణకు ఐలాండ్ పీక్. అసలు పేరు ఇమ్జాత్సే. ఎత్తు 6 వేల మీటర్లు దాటుతుంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కబోయే బ్రిటిష్ బృందం సాధన కోసం ఎక్కిన కొండ ఇది. టెన్జింగ్ నార్గే లాంటివాళ్లు ప్రాక్టీస్ చేసిన చోటు అన్నమాట! చివరి భాగంలో నిటారుగా మంచు గోడ, లోతైన మంచు పగుళ్లు ఉంటాయి. బూట్లకు క్రాంపాన్లు, నడుముకు హార్నెస్, కట్టిన తాడుకు జూమర్ తగిలించుకుని ఎక్కాలి. దిగేటప్పుడు అదే తాడు మీద జారుతూ రావాలి. వీటిని మొదటిసారి బేస్ క్యాంప్‌లో ఒక్క మధ్యాహ్నం నేర్చుకుని, అదే రాత్రి శిఖరానికి బయల్దేరితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మీటర్ల లెక్క ఇదీ

రాయికల్ సముద్ర మట్టానికి మహా అయితే 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాఠ్మాండూ సుమారు 1,400 మీటర్లు. అక్కడి నుంచి చిన్న విమానంలో దిగే లుక్లా సుమారు 2,850 మీటర్లు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగమే. అంటే ఊపిరి పీల్చిన ప్రతిసారీ అందే ఆక్సిజన్ కూడా సగమే. ఐలాండ్ పీక్ శిఖరం అంతకంటే పైన ఉంది.

వైద్యులు చెప్పే సూత్రం సింపుల్. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి వెళ్లొచ్చినా పర్వాలేదు, రాత్రి నిద్ర ఎక్కడ అన్నదే లెక్క.

ఈ సూత్రంతో ఐలాండ్ పీక్ దారి చూస్తే.. లుక్లా నుంచి ఫక్‌డింగ్ ఒక రాత్రి. 3,440 మీటర్ల నామ్‌చే బజార్‌లో రెండు రాత్రులు. 3,860 మీటర్ల తెంగ్‌బోచేలో ఒకటి. 4,410 మీటర్ల డింగ్‌బోచేలో రెండు. 4,730 మీటర్ల ఛుకుంగ్‌లో కనీసం రెండు, అందులో ఒక రోజు తాడు సాధనకు. ఆ తర్వాత దాదాపు 5,100 మీటర్ల బేస్ క్యాంప్‌లో ఒకటి. అర్ధరాత్రి దాటాక శిఖరానికి బయల్దేరాలి. ఒక్క విడతలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, మళ్లీ దిగాలి.

దీనికి వాతావరణం కోసం ఒక అదనపు రోజు, లుక్లా దాకా దిగడానికి మూడు రోజులు కలపాలి. కాఠ్మాండూలో ముందు రెండు రోజులు, వెనక ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. లుక్లా విమానాలు మబ్బు పడితే ఆగిపోతాయి. రద్దీ సీజన్‌లో కాఠ్మాండూ నుంచి కాకుండా, నాలుగైదు గంటలు రోడ్డు మీద వెళ్లి రామేఛాప్ నుంచి ఎక్కాల్సి రావచ్చు. రాయికల్ నుంచి హైదరాబాద్, ఢిల్లీ మీదుగా రాకపోకలు కూడా కలిపితే మొత్తం మూడు వారాలు.

రెండు వారాల్లోపే ఇంటికి చేరుస్తామని ఎవరైనా చెబితే ఆ వారం ఎక్కడి నుంచి కోశారో అడగాలి. ఆగాల్సిన రోజుల్లోంచి, అదనపు రోజుల్లోంచి కోయడమే ఎక్కువ.

పూర్ణ, ఆనంద్ ఎలా వెళ్లారు?

2014 మే 25. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఉమ్మడి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అతి పిన్న వయసు బాలికగా రికార్డు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే.

చాలామందికి గుర్తున్నది ఆ జెండా ఫొటో. దాని వెనకున్న క్యాలెండర్ మాత్రం ఎవరికీ గుర్తులేదు. మొదట భువనగిరి కోట రాతి గుట్ట మీద శిక్షకుడు శేఖర్ బాబు దగ్గర రాక్ క్లైంబింగ్. తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, అందులో భాగంగా దాదాపు 17 వేల అడుగుల రెనాక్ శిఖరం. ఆ తర్వాత లద్దాఖ్ చలిలో మరో విడత. ప్రతి దశలోనూ వడపోత. ఇవన్నీ అయ్యాకే ఎవరెస్ట్. అప్పటి గురుకుల సొసైటీ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రోత్సాహంతో ఇదంతా నడిచింది.

అంటే పేద పిల్లలు పెద్ద కొండ ఎక్కడానికి దొరికిన దగ్గరి దారి ఏదీ లేదు. ముందు గుట్ట, తర్వాత చిన్న శిఖరం, ఆ తర్వాత చలి, చివర్లో పెద్ద కొండ. ప్యాకేజీ ప్రకటన ఈ మెట్లన్నీ దాటేసి చివరి ఫొటో ఒక్కటే అమ్ముతుంది.

హుద్‌హుద్ వైజాగ్‌తో ఆగలేదు

2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ తుపాను అతలాకుతలం చేసింది తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. అదే తుపాను బలహీనపడి ఉత్తరానికి వెళ్లి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లో మంచు తుపానుగా మారింది. అన్నపూర్ణ ప్రాంతంలో, థొరోంగ్ లా కనుమ చుట్టుపక్కల కనీసం 43 మంది చనిపోయారు. అది ట్రెక్కింగ్‌కు బాగుంటుందని చెప్పే అక్టోబర్ నెలే!

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌కు వెళ్లిన కర్ణాటక బృందంలో తొమ్మిది మంది వాతావరణం మారడంతో ప్రాణాలు కోల్పోయారు. అది శిఖరం కూడా కాదు, నడక దారే.

అందుకే ప్లాన్‌లో ఖాళీ రోజులు వృథా కాదు. వాతావరణం బాగాలేకపోతే ఆగడానికి చేతిలో రోజు ఉండాలి. రిటర్న్ టికెట్ రేపే ఉంటే, ఈ రాత్రి గాలి ఎలా ఉన్నా బయల్దేరాలనిపిస్తుంది.

గల్ఫ్ ఏజెంటును అడిగినట్టే అడగాలి

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ ఏజెంటు చేతిలో మోసపోయిన కథ తెలియని ఇల్లు అరుదు. అందుకే ఇప్పుడు వీసా చూపించగానే డబ్బు కట్టరు. లైసెన్స్ ఉందా, కంపెనీ పేరేంటి, జీతం కాగితం మీద ఉందా అని అడుగుతారు. కొండకు వెళ్లేటప్పుడూ అవే ప్రశ్నలు పనికొస్తాయి.

వెంట వచ్చేది ట్రెక్కింగ్ గైడా, క్లైంబింగ్ గైడా? ఇద్దరూ ఒకటి కాదు. దారి చూపించే లైసెన్స్ ఉన్నంత మాత్రాన మంచు గోడకు తాడు కట్టడం రావాలని లేదు. శిఖరం రోజున ఒక్కో గైడ్‌కు ఎంతమంది? మధ్యలో ఒకరికి బాగాలేకపోతే వాళ్లతో కిందికి దిగేదెవరు, మిగతావాళ్లతో ఉండేదెవరు? ఒక్కరే గైడ్ ఉంటే ఈ ప్రశ్నకు జవాబు లేదు.

పర్మిట్ ఎవరి పేరు మీద? ఆక్సిజన్ సిలిండర్, పల్స్ ఆక్సీమీటర్ ఉంటాయా? శిఖరం చేరినా చేరకపోయినా ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు? ఈ జవాబులన్నీ డబ్బు కట్టేముందే రాతపూర్వకంగా రావాలి. ‘అక్కడికెళ్లాక చూద్దాం భయ్యా’ అంటే ఆ ఫోన్ పెట్టేయడమే మేలు.

బీమా, ఐడీ కార్డు.. ఇక్కడే చాలామంది బోల్తా

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. తాడు, ఐస్ యాక్స్ వాడే క్లైంబింగ్‌కు కొన్ని అసలు వర్తించవు. 6,500 మీటర్ల దాకా క్లైంబింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ పాలసీలో రాసి ఉన్నాయా చూసుకోవాలి. హెలికాప్టర్ల పేరిట బీమా కంపెనీలను మోసం చేస్తున్న దందాను 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణే బయటపెట్టింది. కాబట్టి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, బీమా కంపెనీ అత్యవసర నంబరేదో ముందే ఇంట్లో వాళ్లకూ ఇచ్చి వెళ్లాలి.

నేపాల్‌కు భారతీయులకు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లే పెద్దవాళ్లకు పాస్‌పోర్ట్ గానీ, ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు. ఎయిర్‌పోర్టులో ఆధార్ చూపించి వెనక్కి రావాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

మొదటి మెట్టు ఎక్కడ?

కొండగట్టు మెట్లు, కాలువ గట్లు ఉండగా జిమ్ లేదని బాధపడక్కర్లేదు. వీపున పది కిలోల బ్యాగుతో వారానికి నాలుగైదు రోజుల చొప్పున కనీసం నాలుగు నెలలు ఎక్కుతూ దిగుతూ ఉంటే కాళ్లు, ఊపిరి సిద్ధమవుతాయి. ఎత్తుకు అలవాటు పడటం మాత్రం ఇక్కడ కుదరదు. అది అక్కడ గడిపే రాత్రులతోనే వస్తుంది. ఎంత ఫిట్‌గా ఉన్నా ఎత్తు జబ్బు రాదన్న గ్యారెంటీ లేదు. బీపీ, ఆస్తమా, గుండె సమస్య ఉంటే ముందే డాక్టర్‌ను కలవాలి. ఎత్తు మాత్రలు కూడా డాక్టర్ చెబితేనే.

తాడు, మంచు పని నేర్చుకోవాలంటే డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ సంస్థల్లో దాదాపు నెల రోజుల బేసిక్ కోర్సు ఉంది. అంత సమయం లేకపోతే ముందు మనాలీ దగ్గరి 5,289 మీటర్ల ఫ్రెండ్‌షిప్ పీక్ లాంటి వాటిలో శరీరం ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. అక్కడా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ సంస్థ శిక్షణ బృందం మీద ద్రౌపది కా దండా శిఖరం దగ్గర హిమపాతం విరుచుకుపడింది. 27 మృతదేహాలు బయటకు తీశారు. శిక్షకులు, తాళ్లు, అనుభవం అన్నీ ఉన్న బృందం అది.

తిరిగి రావడమే ప్లాన్

తలనొప్పి, వాంతులు, తూలుతూ నడవడం, కూర్చున్నా ఆయాసం.. వీటిలో ఏది పెరుగుతున్నా ఇంకో మెట్టు పైకి వెళ్లకూడదు, దిగిపోవాలి. ఎత్తు జబ్బుకు అసలైన మందు కిందికి దిగడమే. ఈ సంగతి గైడ్‌కు తెలుసు. కానీ డబ్బులు కట్టి, ఊళ్లో ఫ్లెక్సీ కూడా వేయించుకుని వచ్చిన కుర్రాడికి తలనొప్పి ఉందని ఒప్పుకోవడం కష్టం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కారు. అంతటి అనుభవజ్ఞుడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. కొండ ఎవరి రికార్డూ చూడదు.

కాబట్టి వచ్చే సీజన్‌కు బుక్ చేయాలనుకునేవాళ్లు ముందు ప్యాకేజీ రోజువారీ షెడ్యూల్ తెప్పించుకోవాలి. ప్రతి రాత్రి ఎక్కడ, ఎన్ని మీటర్లలో పడుకుంటారో పక్కన రాసుకోవాలి. ఆగే రోజులు ఎన్ని, అదనపు రోజులు ఎన్ని అన్నది గీత గీసి చూడాలి. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో అమ్మానాన్నలకు ఇవ్వాలి. ఊళ్లో ఫ్లెక్సీ వేయించేది ఉంటే మాత్రం, తిరిగొచ్చాకే!